ఫ్లూట్ బిరడాకు 17 మిల్లీమీటర్ల లెక్క

పాశ్చాత్య లోహపు ఫ్లూట్‌లో కింది స్థాయి డి స్వరం సరిగ్గానే పలుకుతుంది, పై స్థాయి డి మాత్రం శ్రుతి తప్పుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు ప్యాడ్లను, అంటే రంధ్రాలను మూసే మీటల కింది మెత్తలను, అనుమానిస్తారు. రిపేరుకు ఇచ్చేముందు తలభాగం (ఊదే రంధ్రం ఉన్న ముక్క) కొసన, మూత వెనక ఉన్న బిరడాను ఒకసారి చూడండి. ఊరికే మూత తిప్పే అలవాటు ఉన్నవాళ్ల ఫ్లూట్‌లో అది చోటు మారే ఉంటుంది.

ఫ్లూట్‌తో వచ్చే క్లీనింగ్ రాడ్‌కు ఒక కొసన గీత ఉంటుంది. ఆ గీత కొస నుంచి 17 మి.మీ. దూరంలో ఉందో లేదో స్కేలుతో కొలుచుకోండి. గీత లేకపోతే పెన్సిల్‌తో గీసుకోండి. తలభాగాన్ని విడదీసి, తెరిచి ఉన్న కొస నుంచి రాడ్‌ను బిరడాకు మెల్లగా తగిలేదాకా పెట్టండి. ఊదే రంధ్రంలోంచి చూస్తే గీత సరిగ్గా నడిమధ్యన కనిపించాలి. గీత మూత వైపు జరిగి ఉంటే బిరడా రంధ్రానికి దూరమైంది, పై స్థాయి శ్రుతి దిగుతుంది. బాడీ (తలభాగం దూరే, మీటలున్న గొట్టం) వైపు జరిగి ఉంటే బిరడా మరీ దగ్గరికొచ్చింది, పై స్థాయి ఎక్కుతుంది.

ఈ 17 మి.మీ. మ్యూనిక్ ఫ్లూట్ విద్వాంసుడు తియోబాల్డ్ బోమ్ (1794–1881) ఇచ్చిన కొలత. కంసాలి ఇంట పుట్టి, ఆ పనీ నేర్చినవాడు. 1818లో బవేరియా రాజాస్థాన వాద్యబృందంలో చేరాడు, 1828లో సొంతంగా ఫ్లూట్ల తయారీ మొదలుపెట్టాడు. 1831లో లండన్‌లో ఇంగ్లిష్ ఫ్లూట్ విద్వాంసుడు చార్లెస్ నికల్సన్ వాయించగా విన్నాడు. పెద్ద రంధ్రాల ఫ్లూట్‌లోంచి వచ్చే ఆ నాదబలం తన వాద్యంలో రాదని తేలిపోయి, 1832కల్లా మీటల అమరికనే మార్చేశాడు. అయినా అప్పటి ఫ్లూట్ గొట్టం పాతదే: తల సమానంగా ఉండేది, బాడీ కిందికి పోనుపోను సన్నబడేది. ధ్వనిశాస్త్రం చదువుకుని, 1847లో దాన్నే తిరగేశాడు. బాడీ అంతా 19 మి.మీ. వ్యాసంతో సమానమైన గొట్టం, సన్నబడటం తలభాగంలో. నాదం నిండుగా రావడానికి 20 మి.మీ. మేలని ఆయనకు తెలుసు, కానీ పై స్వరాలు తేలిగ్గా పలకాలని ఒక మిల్లీమీటరు తగ్గించుకున్నాడు. తలభాగం లోపలి వ్యాసం బిరడా దగ్గరకొచ్చేసరికి దాదాపు 17 మి.మీ. అవుతుంది (బిరడా దూరం కూడా 17 కావడంతో ఈ రెండింటినీ కలిపేసుకునేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త).

ఇక సరిచేయడం. బిరడాను మూత వైపు లాగాలంటే మూతను కుడివైపు, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో, పావు చుట్టు చొప్పున బిగించండి. ప్రతిసారీ రాడ్‌తో చూసుకోండి. రంధ్రం వైపు జరపాలంటే మూతను రెండు చుట్లు వదులు చేసి, బొటనవేలితో నిదానంగా లోపలికి నొక్కండి. చివర్లో మూత బిగుతుగా కూర్చోవాలి, వదులుగా ఉంటే వాయించేటప్పుడు గరగరమంటుంది. రాడ్‌తో పొడిచి మాత్రం బిరడాను కదపకండి.

బిరడాను పూర్తిగా బయటికి తీయాల్సి వస్తే మూతను విప్పేసి, బాడీలోకి దూరే పెద్ద కొస నుంచే తీయాలి, మళ్లీ పెట్టేటప్పుడూ అటునుంచే. మూత వైపు లాగితే గొట్టం ఇరుకు కాబట్టి బిరడా చితుకుతుంది, చితికినది గాలిని ఆపదు. తలభాగం ఎటు సన్నబడుతుందో తెలిసినవాళ్లు ఈ తప్పు చేయరు.

వేలితో నొక్కితేనే జారిపోతుంటే బిరడా ఎండి కుంచించుకుపోయిందన్నమాట. పరీక్ష సులువే: తలభాగం తెరిచి ఉన్న కొసను అరచేత్తో గట్టిగా మూసి, ఊదే రంధ్రంలోంచి గాలిని పీల్చండి. పీల్చిన పట్టు అలాగే నిలవాలి. వెంటనే వదిలేస్తే ముందు అరచెయ్యి సరిగ్గా ఆనిందో లేదో చూసుకోండి, ఆనినా అంతే అయితే బిరడా మార్పించాలి. టేపు చుట్టి సర్దుకోవడం నాలుగు రోజుల ముచ్చట.

శ్రుతి పరీక్షకు ముందు పది నిమిషాలు వాయించి ఫ్లూట్‌ను వేడెక్కనివ్వండి, చల్లటి ఫ్లూట్ ఎప్పుడూ దిగువనే పలుకుతుంది. ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) పెట్టుకుని కింది, నడిమి, పై స్థాయిల మూడు డిలనూ పెదవులు సర్దకుండా ఊదండి. ఇదే కష్టం, ఎందుకంటే అలవాటైన పెదవి తెలియకుండానే తప్పును కప్పేస్తుంది. ట్యూనర్ తెర చూడకుండా ఊది, స్వరం నిలిచాక చూడండి.

వాద్యం మొత్తం శ్రుతి ఎక్కువ తక్కువలకు మాత్రం బిరడా జోలికి పోవద్దు. తలభాగాన్ని బాడీలోంచి కొద్దిగా బయటికి లాగితే శ్రుతి దిగుతుంది, లోపలికి నెడితే ఎక్కుతుంది. ఎ 440కి (ఎ స్వరం సెకనుకు 440 కంపనాలుండే ప్రామాణిక శ్రుతి) తలభాగం సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లు బయటికే ఉంటుంది. ఈ లోహపు అతుకులకు క్లారినెట్ వాళ్ల గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి బిగుసుకుపోతాయి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వాయించాక లోపలి తేమను కూడా గుడ్డ చుట్టిన రాడ్‌తో తీసేయండి, ఆ తడిగుడ్డను పెట్టెలో ఫ్లూట్ పక్కన పెట్టకండి.