పోర్చుగల్ పాత రెడ్ వైన్‌ను రుచి చూసే పద్ధతి

పోర్చుగల్ అనగానే చాలామందికి తీయని పోర్ట్ వైన్ గుర్తుకు వస్తుంది. అయితే ద్రాక్షసారా కలపకుండా, తీపి మిగలకుండా పులియబెట్టిన మామూలు రెడ్ వైన్లు కూడా ఆ దేశంలో ముప్పై, నలభై ఏళ్లపాటు సీసాలో నిలుస్తాయి. ఫ్రాన్స్‌లోని పేరున్న వైన్ సీమలైన బోర్డో, బర్గండీల పాత సీసాలతో పోలిస్తే వాటిలో చాలావాటి ధర ఇప్పటికీ ఎంతో తక్కువ. కొత్త వైన్‌లో ఉండే పండ్ల రుచిని, ఘాటును వీటిలో వెతికేవారు నిరాశ పడతారు. పాత వైన్‌లో గమనించవలసింది, పులుపు తగ్గకుండా ఉండగా వగరు ఎంతవరకు మెత్తబడిందో, ఆ క్రమంలో ఏ కొత్త వాసనలు పుట్టాయో అన్నది.

మొదటి సీసాగా నేను బైరాడా ప్రాంతపు వైన్‌ను సూచిస్తాను. పోర్చుగల్ మధ్యభాగంలో, అట్లాంటిక్ తీరానికి దగ్గరగా, బంకమన్ను, సున్నపురాయి కలిసిన నేలల్లో అక్కడ బాగ అనే ద్రాక్ష పండుతుంది. దాని పండ్లు చిన్నవి, తొక్క మందం, పులుపు ఎక్కువ. పైగా ఆలస్యంగా పండుతుంది కాబట్టి శరదృతువులో సముద్రం మీదుగా వచ్చే వానలకు చిక్కే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే బైరాడా వైన్ కొనేటప్పుడు సీసాపై ఉన్న సంవత్సరానికి మామూలుకంటే ఎక్కువ విలువ ఇవ్వాలి. పాత పద్ధతిలో కాడలతో సహా పులియబెట్టేవారు కనుక ఆ వైన్ కొత్తలో కరక్కాయ ముక్కను బుగ్గన పెట్టుకున్నట్టు నోరంతా బిగబట్టేస్తుంది. ఆ వగరే, ఆ పులుపే దానికి దీర్ఘాయువునిస్తాయి. వగరుకు కారణమైన టానిన్లు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కలిసి పెద్ద అణువులుగా మారి, కొంత మడ్డిగా అడుగుకు చేరతాయి. మిగిలినవి నాలుకకు మునుపటంత కరకుగా తగలవు.

పక్కనే, తీరానికి దూరంగా దేశం లోపలివైపు ఉన్న దావ్ ప్రాంతం 1908లో హద్దులు నిర్ణయమైన పాత వైన్ సీమ. గ్రానైట్ నేలల్లో పండే టూరిగా నాసియోనల్, అల్ఫ్రోషేరు, జాయెన్ వంటి రకాల కలయికతో చేసే అక్కడి వైన్ బైరాడా కంటే మృదువుగా ఉంటుంది. ఈ రెండు ప్రాంతాల ద్రాక్షనూ కలిపి చేసే బుసాకో ప్యాలెస్ హోటల్ వైన్ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సింత్రా దగ్గరి కొలారెస్‌లో రామిస్కో అనే ద్రాక్షతీగలు ఇసుకలో పెరుగుతాయి. యూరప్ ద్రాక్షతోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు ఇసుకలో బతకలేదు కాబట్టి అవి నేటికీ వేరే వేళ్లకు అంటు కట్టకుండా సొంత వేళ్లమీదే నిలిచి ఉన్నాయి. దోరో లోయ నుంచి 1952లో తొలిసారి వచ్చిన బార్కా వెల్యా దేశంలోకెల్లా ప్రతిష్ఠ గల వైన్. మేలైన సంవత్సరాల్లో మాత్రమే దాన్ని ఆ పేరుతో విడుదల చేస్తారు. నేర్చుకునే దశలో అంత ఖరీదు పెట్టడం అనవసరమని నా అభిప్రాయం.

లేబుల్‌పై గరాఫెయిరా అన్న మాట కనిపిస్తే, ఆ రెడ్ వైన్‌ను అమ్మకానికి ముందు కనీసం 30 నెలలు, అందులో 12 నెలలు సీసాలోనే నిలవ ఉంచారని అర్థం. పాత దావ్ సీసాలపై తోట పేరుకు బదులు వర్తకుడి పేరు ఉంటే అనుమానించవద్దు. పోర్చుగల్‌ను ఏలిన నియంత సలాజార్ కాలంలో ద్రాక్ష కొనే హక్కు దాదాపుగా సహకార సంఘాలకే దక్కడంతో, వర్తకులు వాటి నుంచి వైన్ కొని తమ నేలమాళిగల్లో పరిపక్వం చేసేవారు. 1920లో మొదలైన కావెస్ సావ్ జువావ్ వంటి సంస్థలు అలా దాచిన పాత సీసాలను దశాబ్దాల తరువాత కూడా అమ్మకానికి పెట్టాయి. ఎక్కడ కొన్నా వైన్ మట్టం సీసా మెడలో ఉందో లేదో చూడండి. భుజం కిందికి దిగిపోయి ఉంటే గాలి లోపలికి చేరి ఉండే అవకాశం ఎక్కువ. హైదరాబాదులోనో విజయవాడలోనో దాచుకునేవారు ఒక్క వేసవినైనా ఆ సీసాను అలమరాలో వదలకూడదు. 12 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండే వైన్ ఫ్రిజ్‌లో, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టాలి.

తెరవడానికి కనీసం ఒక రోజు ముందు, వీలైతే రెండు మూడు రోజుల ముందే, సీసాను నిటారుగా నిలబెట్టాలి. మడ్డి మొత్తం అడుగుకు దిగాలి. ముప్పై ఏళ్లు దాటిన బిరడా మామూలు మరస్క్రూకు పొడిగా రాలిపోతుంది. రెండు పలుచని రేకుల మధ్య బిరడాను పట్టి, అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగే పరికరం ఇందుకు సరైనది. అయినా ముక్కలు లోపల పడితే కంగారు అక్కరలేదు, శుభ్రమైన పలుచని గుడ్డతో వడగడితే సరిపోతుంది.

బిరడా తీయగానే డికాంటర్‌లోకి, అంటే వైన్‌ను వంపి ఉంచే గాజు కూజాలోకి, వంపేయకండి. ముందు గ్లాసులో రెండు గుక్కలు పోసి వాసన చూడండి. వాసన బిగుసుకుపోయి, వగరు ఇంకా గట్టిగా ఉంటే (బాగ వైన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి) డికాంటర్‌లో గంటసేపు ఉంచవచ్చు. వాసన అప్పటికే విచ్చుకుని సున్నితంగా ఉంటే, మడ్డి వేరుచేయడానికి మాత్రమే వంచి వెంటనే వడ్డించాలి. సీసా మెడ కింద చిన్న దీపమో ఫోన్ లైటో ఉంచి, ఆగకుండా సన్నటి ధారగా పోస్తూ, నల్లని పొగలాంటి మడ్డి మెడ దగ్గరకు రాగానే ఆపేయాలి. వడ్డించే వేడి 16 నుంచి 17 డిగ్రీలు. మన ఇళ్లలో గ్లాసులోని వైన్ త్వరగా వేడెక్కుతుంది కనుక కొంచెం చల్లగానే పోసుకోవడం మంచిది.

గ్లాసు మూడో వంతుకు మించి నింపకుండా, తెల్లకాగితం మీదికి వంచి చూడండి. మధ్యలో గోమేదికపు ఎరుపు, అంచు దగ్గర ఇటుక రంగు, ఆపైన నారింజ ఛాయ కనిపిస్తాయి. మొదట గ్లాసును తిప్పకుండానే వాసన చూడాలి, ఎందుకంటే ముందుగా ఎగిరిపోయే పలుచని వాసనలు తిప్పితే నిలవవు. పాత బైరాడాలో ఎండు చెర్రీ, తేయాకు, తోలు, చుట్ట పొగాకు, వానకు తడిసిన ఎండుటాకుల వాసన వస్తాయి. దావ్‌లో దేవదారు జిగురు, పుట్టగొడుగు ఛాయలు తోస్తాయి. కొలారెస్‌లో సముద్రపు ఉప్పుగాలి ఉంటుంది. ఇక చిన్న గుక్క తీసుకుని, పది సెకన్లు నోటిలో అంతటా తిప్పండి. నాలుక పక్కల లాలాజలం ఊరితే పులుపు సజీవంగా ఉన్నట్టు. చిగుళ్లపై వగరు మెత్తటి పొడిలా తగిలి కరిగిపోవాలి. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో గమనించండి. అదే గ్లాసును పదిహేను నిమిషాలకోసారి, గంటసేపు మళ్లీ మళ్లీ చూడండి. తొలి గుక్కలో మూగగా ఉన్న వైన్ అరగంట తరువాత విచ్చుకోవడం, మరొకటి అదే సమయంలో వాడిపోవడం రెండూ సహజమే. వీలైతే అదే ఉత్పత్తిదారుడి కొత్త సీసాను పక్కన పెట్టుకుంటే, కాలం ఏమి తీసుకుంది, ఏమి ఇచ్చింది అన్నది మాటలతో పనిలేకుండా తెలుస్తుంది.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం. ఎంతసేపు గాలి తగిలినా పోదు. వెనిగర్ ఘాటు వచ్చినా ఆ సీసాను పక్కన పెట్టవలసిందే. తెరవగానే వచ్చే మక్కువాసన మాత్రం చాలాసార్లు పావుగంటలో తొలగిపోతుంది.

తోడుగా బైరాడాలో కాల్చిన పందిపిల్ల మాంసం తింటారు, ఆ కొవ్వును బాగ పులుపు చక్కగా విరుస్తుంది. మేకమాంసాన్ని రెడ్ వైన్‌లోనే గంటలకొద్దీ ఉడికించే శంఫానా కూడా ఆ ప్రాంతపు వంటే. మన కారాలు, మసాలాలు ఇంత సున్నితమైన వాసనలను కప్పేస్తాయి కాబట్టి, మిరియాలు, ఉప్పు మాత్రమే వేసి సన్నసెగపై ఉడికించిన మేకమాంసం చాలు. సీసాలో మిగిలిన వైన్‌ను ఆ రాత్రే ముగించండి. ఇంత పాత వైన్ మరునాటికి సాధారణంగా నిలవదు.