చిన్న టెక్నాలజీ షేరు కొనేముందు ఫ్లోటు లెక్క చూసుకోండి

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉన్న 61 రోజులూ విశాఖ చేపల రేవులో మరపడవలు ఒడ్డునే ఉంటాయి. మినహాయింపు ఉన్న తెడ్ల పడవలు తెచ్చిన కాసిన్ని చేపలకే పాట సాగుతుంది కాబట్టి వంజరం ధర ఎక్కడికో పోతుంది. ఆ ధర చూసి సముద్రంలో చేపలు కరువయ్యాయని ఎవరూ అనుకోరు. పడవలు కట్టి ఉన్నాయని ఊరందరికీ తెలుసు. కొత్తగా లిస్టయిన చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరు నాలుగు రోజులు వరుసగా అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పెరగగల గరిష్ఠ హద్దు) తాకినప్పుడు మాత్రం, ఆ కంపెనీ షేర్లలో ఎన్ని కొంతకాలం అమ్మకూడదన్న లాక్-ఇన్‌లో కట్టి ఉన్నాయని అడిగేవారు మన ద్వారకానగర్ బ్రోకరు ఆఫీసుల్లో కూడా అరుదు. ఐపీఓల (కంపెనీలు తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మడం) జోరు పెరిగి, మధురవాడ ఐటీ కుర్రాళ్ల నుండి ఉక్కునగరంలో రిటైర్మెంటు డబ్బు చేతికందిన పెద్దల దాకా అందరూ చిన్న టెక్ షేర్ల గురించే మాట్లాడుకునే రోజులు వచ్చేలోపు ఈ లెక్కలు నేర్చుకోవడం మేలు.

మొదట చూడవలసింది, ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చెప్పే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్. మెయిన్ బోర్డు (ఎక్స్ఛేంజీ ప్రధాన వేదిక) కంపెనీలు త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో దీనిని ఎక్స్ఛేంజీకి సమర్పించాలి. ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఉదాహరణకు ఒక కంపెనీకి మొత్తం 1 కోటి షేర్లు ఉన్నాయనుకుందాం. అందులో 70 లక్షలు కంపెనీని నడిపించే ప్రమోటర్లవి, 12 లక్షలు లిస్టింగుకు ముందే పెట్టుబడి పెట్టి లాక్-ఇన్‌లో ఉన్నవారివి, మరో 10 లక్షలు అమ్మే ఉద్దేశం లేని ఒకరిద్దరు పెద్ద మదుపరులవి. రోజూ చేతులు మారగలిగిన ఫ్లోటు 8 లక్షలే. షేరు ధర 200 రూపాయలైతే కంపెనీ విలువ 200 కోట్లని చెప్పుకుంటాం గాని, ఆ ధరను తేలుస్తున్నది 16 కోట్ల రూపాయల సరుకు మాత్రమే. ఇంత తక్కువ సరుకున్నచోట ఒకటి రెండు కోట్లు లోపలికి వస్తే ధర ఎగురుతుంది, అదే డబ్బు బయటికి పోతే కూలుతుంది. రెండు సందర్భాల్లోనూ కంపెనీ వ్యాపారంలో ఏ మార్పూ జరిగి ఉండనక్కరలేదు.

తరువాత, కట్టి ఉన్న షేర్లు ఏ తేదీన విడుదలవుతాయో రాసిపెట్టుకోండి. మెయిన్ బోర్డు ఐపీఓలో యాంకర్ మదుపరుల (ఇష్యూ తెరవకముందే షేర్లు పొందే పెద్ద సంస్థల) షేర్లలో సగం అలాట్‌మెంట్ నాటి నుండి 30 రోజులకు, మిగతా సగం 90 రోజులకు విడుదలవుతాయి. ప్రమోటర్లు కాని పాత వాటాదారులకు సాధారణంగా 6 నెలలు, చిన్న, మధ్యతరహా కంపెనీల ఎస్ఎంఈ వేదికలో అయితే ఏడాది లాక్-ఇన్ ఉంటుంది. ఉద్యోగులకు షేర్లిచ్చే పథకం (ఈసాప్) కింద వచ్చిన షేర్లకు ఈ నిబంధన నుండి మినహాయింపు ఉంది. టెక్నాలజీ కంపెనీల్లో ఇవి గణనీయంగా ఉంటాయి కాబట్టి ఐపీఓ వివరాల పత్రమైన ప్రాస్పెక్టస్‌లో ఆ పేజీని విడిచిపెట్టకండి. పైన చెప్పిన కంపెనీలో ఆ 12 లక్షల షేర్లు విడుదలైన రోజున, 8 లక్షలున్న ఫ్లోటు 20 లక్షలవుతుంది. ఐపీఓకు చాలా ముందు 30 రూపాయలకు కొన్నవాడికి 140 రూపాయల ధర కూడా పండగే, 200 దగ్గర కొన్న మనకు మాత్రం కాదు.

షేర్ల సంఖ్య పెరిగే దారులు ఇంకా ఉన్నాయి. వారంట్లు (తేల్చిన ధరకు తరువాత షేర్లు పొందే హక్కులు) తీసుకున్నవారు ముందుగా 25 శాతం కట్టి, మిగతాది 18 నెలల్లోపు చెల్లించి షేర్లుగా మార్చుకోవచ్చు. 5 కోట్ల లాభం 1 కోటి షేర్ల మీద షేరుకు 5 రూపాయలైతే, 25 లక్షల వారంట్లు మారాక అదే లాభం 4 రూపాయలకు దిగుతుంది. అధీకృత మూలధనం (కంపెనీ జారీ చేయగల షేర్ల గరిష్ఠ పరిమితి) పెంచడానికి వాటాదారుల ఆమోదం కోరుతూ నోటీసు వచ్చిందంటే కొత్త షేర్లకు చోటు చేస్తున్నారని అర్థం; అది బోనస్ కోసమా, ఎంపిక చేసిన కొందరికే షేర్లిచ్చే ప్రిఫరెన్షియల్ ఇష్యూ కోసమా అన్నది అదే నోటీసులో వెతకండి. బోనస్, స్ప్లిట్ వల్ల షేరు చవక కాదు, మన వాటా శాతమూ మారదు. ఇది తెలిసినవారు కూడా ఆ వార్త రాగానే కొనడానికి ఎందుకు పరుగెత్తుతారో నాకు నేటికీ అంతుపట్టలేదు.

ప్రమోటర్లు అప్పు కోసం తాకట్టు పెట్టిన షేర్ల వివరం కూడా ఆ ప్యాటర్న్‌లోనే ఉంటుంది. ధర పడితే అప్పిచ్చినవారు అదనపు హామీ అడుగుతారు, అందకపోతే తాకట్టు షేర్లను మార్కెట్లోనే అమ్మేస్తారు, దానితో ధర మరింత పడుతుంది. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కల మోసం బయటపడడానికి ముందు, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను అప్పిచ్చిన సంస్థలు అమ్ముకున్నాయి. అంత పెద్ద కంపెనీలో జరిగినది 8 లక్షల ఫ్లోటున్న కంపెనీలో జరిగితే కొనేవాడే కనిపించడు.

బయటపడే దారి కొనేముందే చూసుకోవాలి. నేను ఒకప్పుడు ఒక చిన్న ఐటీ కంపెనీ షేర్లు 2,000 కొన్నాను. ఫలితాలు బాగులేవని తెలిసిన మరునాడు 9:15కి తెర మీద కొనేవారి వైపు సున్నా, అమ్మేవారి వైపు లక్షకు పైగా షేర్లు కనిపించాయి. రోజుకు 5 శాతం చొప్పున ఐదు రోజులు వరుసగా లోయర్ సర్క్యూట్ (ధర పడగల కనిష్ఠ హద్దు) పడితే 100 రూపాయల షేరు సుమారు 77కి వస్తుంది. ఆ ఐదు రోజులూ నా ఆర్డరు వరుసలో ఉంది గాని అమ్ముడుపోలేదు. ఆ వరుస కూడా సాయంత్రానికి రద్దయి, మరునాడు మళ్లీ మొదటి నుండి మొదలవుతుంది. ధర ఒక హద్దుకు పడగానే అమ్మే స్టాప్‌లాస్ ఆర్డరు ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే కొనేవాడు లేనప్పుడు స్టాప్‌లాస్ ఆర్డరు కూడా వరుసలోనే నిలబడుతుంది.

అందువల్ల గత నెల రోజుల రోజువారీ సగటు డెలివరీ పరిమాణాన్ని (కొన్నవారి ఖాతాకు నిజంగా చేరిన షేర్ల సంఖ్యను) చూసి, మీరు కొనదలచినది అందులో పదో వంతుకు మించకుండా చూసుకోండి. ఇది నా కొలత, మీకు ఇంకా తక్కువ సరిపోవచ్చు. షేరు ట్రేడ్-టు-ట్రేడ్ విభాగంలో ఉంటే కొన్న రోజే అమ్మడం కుదరదు. ఎస్ఎంఈ షేర్లను లాట్ల (నిర్ణీత సంఖ్యలో షేర్ల కట్టల) లెక్కనే అమ్మాలి కాబట్టి కొద్దికొద్దిగా బయటపడే వీలుండదు. ధర రాయని మార్కెట్ ఆర్డరు మాత్రం పెట్టకండి: అమ్మకపు వరుసలో 200 దగ్గర 40 షేర్లు, ఆపైన 209 దగ్గర 500 ఉన్నప్పుడు మీ 500 షేర్ల ఆర్డరులో 460 షేర్లు 209కే పడతాయి. ధర మీరే రాసిన లిమిట్ ఆర్డరు పెట్టి, ఆ రోజు దొరకకపోతే మరునాడు చూసుకోండి.