పస్కా ఆచరించాలా, రొయ్యలు మానాలా అని అడిగేవాళ్లకు నేను చూపించే దారి

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. 18 ఏళ్లుగా స్త్రీల కూటంలో వాక్యం చెబుతున్నాను. రెండేళ్ల కిందట బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, రొయ్యలు ముట్టేవాళ్లు దేవుని దృష్టికి అపవిత్రులని గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు. ఆ వారమే రొయ్యల షెడ్డులో పనిచేసే ఒక చెల్లి మా అరుగు మీద కూర్చుని చేతులు చాపింది. ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి, గోళ్ల పక్కన పగిలి ఉన్నాయి. "అక్కా, ఈ చేతులతో ప్రభు బల్ల తీసుకోవచ్చా?" అంది, సంఘంలో పంచుకునే రొట్టె, ద్రాక్షారసం గురించి.

మీ దగ్గరికీ ఎవరైనా ఇలా టెన్షన్‌తో వస్తే, ముందు ఆ ఆజ్ఞ దేవుడు ఎవరికిచ్చాడో చూపించండి. లేవీయకాండము 11 తెరిస్తే, రెక్కలు, పొలుసులు లేనివి తినవద్దన్న మాట ఇశ్రాయేలీయులతో చెప్పమని మొదట్లోనే ఉంటుంది. పస్కా (ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రిని గుర్తుచేసుకునే యూదుల పండుగ) నుంచి పర్ణశాలల దాకా పండుగలన్నీ చెప్పే 23వ అధ్యాయమూ అంతే.

తర్వాత, మనమూ పస్కా ఆచరించాలనేవాళ్లను "మొత్తం ఆచరిస్తున్నారా?" అని మర్యాదగా అడగండి. సున్నతి లేనివాడు పస్కా తినకూడదని నిర్గమకాండము 12:48లో ఉంది. పస్కా పశువును ఎక్కడపడితే అక్కడ వధించకూడదు, దేవుడు ఏర్పరచుకున్న స్థలంలోనే వధించాలని ద్వితీయోపదేశకాండము 16 చెబుతుంది. యెరూషలేము దేవాలయాన్ని రోమన్లు క్రీ.శ. 70లో కూల్చేశారు. మరి మన వీధిలో షామియానా వేసి చేసేది మోషే చెప్పిన పస్కా ఎలా అవుతుంది? సున్నతి పొందినవాడు ధర్మశాస్త్రమంతా, అంటే మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞలన్నీ, ఆచరించాల్సిందేనని అపొస్తలుడైన పౌలు గలతీయులకు రాసింది ఇందుకే.

ఎక్కువసేపు కూర్చోవలసింది అపొస్తలుల కార్యములు 15 దగ్గర. అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి, వచ్చిన విశ్వాసులకు సున్నతి చేయించాలా అని పెద్దలు యెరూషలేములో కూడి చర్చించారు. చివరికి 4 సంగతులే రాసి పంపారు: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. ఈ వచనాలను మా కూటంలో ఒకరి చేత పైకి చదివిస్తాను. విశ్రాంతి దినం, పండుగలు, రొయ్యలు ఆ ఉత్తరంలో ఎక్కడున్నాయో వెతకమంటాను. కనబడవు. ఉన్నవాటి సంగతి మాత్రం మన వంటింటిదే. నేను నెత్తురు వేపుడు వండను. జాతరలో బలిచ్చిన మాంసం పక్కింటివాళ్లు ప్రేమగా పంపితే, వాళ్ల మనసు నొచ్చుకోకుండా వద్దంటాను.

ఆ చెల్లికి మార్కు 7 కూడా చదివి వినిపించాను. బయటి నుంచి లోపలికి పోయేది మనిషిని అపవిత్రపరచదని ప్రభువే చెప్పాడు. ఏడ్చింది. ఆ నెల బల్ల తీసుకుంది.

"ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదని యేసే అన్నాడు కదా?" అని మత్తయి 5:17 ఎత్తుతారు. ఆ వచనంలోనే "నెరవేర్చుటకే" అని కూడా ఉంది, అది కూడా చదవమనండి. శనివారం ఆరాధించేవాళ్లతో మాత్రం వాదం పెట్టుకోవద్దు. దినాల విషయంలో ఎవరి మనసులో వాళ్లు రూఢిపరచుకోవాలని రోమీయులకు 14లో ఉంది.

ఆ పండుగల గురించి నేర్చుకోవడం మాత్రం నాకెంతో ఇష్టం. సండే స్కూల్ పిల్లలతో ఒకసారి పులియని రొట్టె చేయించాను. గోధుమపిండి, నీళ్లు, అంతే. నీళ్లు పోసిన క్షణం నుంచి 18 నిమిషాల్లో కాల్చేయాలన్నది యూదుల నియమం కాబట్టి గడియారం ఎదురుగా పెట్టుకున్నాం. పల్చగా వత్తి, ఫోర్కుతో పొడిచి, పెనం మీద వేశాం. "తొందరగా, తొందరగా" అని పిల్లలు ఒకటే అరుపులు. ఐగుప్తు నుంచి బయల్దేరిన రాత్రి పిండి పులిసే తీరిక ఎందుకు లేదో అప్పుడు వాళ్లకు చెప్పాను. ఇది పాఠమే గాని పస్కా కాదనీ చెప్పాను. మీరూ చేస్తే "యేసుప్రభువు సరిగ్గా ఇలాగే చేశాడు" అనకండి. ఈనాటి యూదుల ఇళ్లలో జరిగే పస్కా భోజన క్రమం దేవాలయం పోయాకే రూపుదిద్దుకుంది.

ఇదంతా బోధించేటప్పుడు యూదులను తక్కువ చేసి మాట్లాడవద్దు. క్రైస్తవులు యూదుల పండుగలకు వెళ్తున్నారని క్రీ.శ. 386లో అంతియొకయలో యోహాను క్రిసోస్తోము అనే క్రైస్తవ బోధకుడు చేసిన ప్రసంగాల్లోని కఠినమైన మాటలను తర్వాతి కాలంలో యూదుల మీద ద్వేషానికి వాడుకున్నారు. యూదుడిగా పుట్టి క్రీస్తును నమ్మిన వ్యక్తి తన పండుగలు ఆచరిస్తే ఆపకండి. అపొస్తలుల కార్యములు 21లో పౌలు కూడా శుద్ధి చేసుకుని దేవాలయంలోకి వెళ్లాడు.