గర్భసంచి ఆపరేషన్: కోత ఎక్కడ అని ముందే అడగండి

స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డ) కనిపించగానే "గర్భసంచి తీయించేస్తే ఓ పనైపోతుంది" అనేయడం మన దగ్గర ఎంత మామూలంటే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తంమీద వందకు ముగ్గురైతే ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. అందుకే ముందు అసలు అవసరమా అని అడగండి. బ్లీడింగ్ ఎక్కువైతే మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ లాంటివి చాలామందికి సరిపోతాయి. ఉత్త తెల్లబట్టకైతే గర్భసంచి తీయక్కర్లేదు.

తీయక తప్పదని తేలితే, క్యాన్సర్ లేదని పరీక్షల్లో చూసుకున్నాక, ఏ దారిలో తీస్తారో అడగండి. పొట్ట మీద గాటు లేకుండా కింది నుంచి, అంటే యోని ద్వారా తీయడం పాత పద్ధతే. అయినా కుదిరిన చోట మొదట దాన్నే చూడాలని అమెరికా గైనకాలజిస్టుల సంఘం కూడా చెబుతుంది. సంచి జారినవాళ్లకే అనుకుంటారు గానీ, జారకపోయినా చాలామందికి చేయొచ్చు. సంచి మరీ పెద్దదైనా, లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నా, ఎండోమెట్రియోసిస్ (సంచి లోపలి పొరలాంటిది సంచి బయట పెరగడం) ఉన్నా ల్యాపరోస్కోపీ నయం: మూడు నాలుగు చిన్న రంధ్రాలు, లోపల కెమెరా. ఈ పద్ధతిలో మొదటిసారి చేసింది 1988లో, అమెరికాలో హ్యారీ రైక్ అనే డాక్టరు. రోబోతో చేసేది కూడా ల్యాపరోస్కోపీయే, బిల్లు మాత్రం పెద్దది. మామూలు కేసుల్లో దానికోసం అప్పు చేయాల్సినంత తేడా నాకైతే కనిపించదు.

డాక్టరుగారు పొట్ట కోయాల్సిందే అంటే ఎందుకని అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు. పొట్ట కోయకుండా చేస్తామంటే, నెలకు అలాంటివి ఎన్ని చేస్తారు, మధ్యలో కుదరక పొట్ట కోయాల్సి వస్తుందా, మూత్రనాళానికి దెబ్బ తగిలే ప్రమాదం ఎంత అని కూడా. అన్నిటికన్నా ముఖ్యం, అండాశయాలు ఉంచుతారా అని. నెలసరి ఆగని వయసులో కారణం లేకుండా వాటినీ తీసేస్తే ఒంట్లో ఆవిర్లు ఒక్కసారిగా మొదలవుతాయి, ఎముకలూ గుండే దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏం రాశారో చదవండి.

చిన్న రంధ్రాలైతే రెండు మూడు వారాల్లో తేలిక పనులు చేసుకోవచ్చు, పొట్ట కోస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు. పైన కుట్లు కనబడట్లేదని మూడో వారమే నీళ్ల బిందె ఎత్తకండి, లోపల కుట్లున్నాయి. ఆరు వారాలు బరువులూ వద్దు, కలయికా వద్దు. జ్వరం, వాసనతో నీరు పోవడం, తెలియకుండా మూత్రం కారడం ఏది కనిపించినా ఆ రోజే వెళ్లండి. తీసిన సంచిని ల్యాబ్‌కి పంపారో లేదో కనుక్కుని ఆ బయాప్సీ రిపోర్టు తెచ్చుకోండి, డిశ్చార్జ్ హడావుడిలో చాలామంది మర్చిపోయేది అదే.