మంచినీటి ఎర్ర నాచు ఏ జాతిదో డీఎన్ఏతో తేల్చుకోవడం ఎలా

పేరుకి ఎర్ర నాచే గానీ మంచినీటిలో దొరికేవి చాలాసార్లు ఆలివ్ పచ్చగానో, నీలంగానో, గోధుమరంగులోనో ఉంటాయి, కాబట్టి రంగు చూసి పేరు పెట్టేయకండి. అసలు చిక్కంతా షాంట్రాన్సియా దగ్గరే. బ్యాట్రకోస్పర్మమ్, లెమానియా లాంటి ప్రజాతుల (దగ్గరి జాతుల గుంపుల) జీవితచక్రంలో చిన్న చిన్న కుచ్చుల్లా రాళ్లను పట్టుకుని ఉండే దశ అది, ఏ ప్రజాతిదైనా మైక్రోస్కోప్‌లో దాదాపు ఒకేలా ఉంటుంది, పైగా ఆడుయినెల్లా అనే వేరే నాచును కూడా పోలి ఉంటుంది. అక్కడ డీఎన్ఏ చూడక తప్పదు.

నమూనా తీసిన రోజే మూడు భాగాలు చేయండి. ఒకటి డీఎన్ఏ కోసం సిలికా జెల్‌లో, ఒకటి హెర్బేరియం షీట్ మీద (ఎండబెట్టి అతికించి దాచే కాగితం), ఇంకోటి మైక్రోస్కోప్ కోసం ఆకారం చెడకుండా ఉంచే ద్రావణంలో, అంటే ఫిక్సేటివ్‌లో. మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే డీఎన్ఏ దెబ్బతింటుంది. సిలికాలో పెట్టేముందు శుభ్రం చేయడానికి గంట పట్టినా పర్లేదు, ఎందుకంటే ఒక ఎర్ర నాచు మీద ఇంకోదాని షాంట్రాన్సియా పెరుగుతుంటే సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరుస) చక్కగానే వస్తుంది, కానీ అది మీరు అనుకున్న దానిది కాదు. పీసీఆర్, అంటే కావలసిన డీఎన్ఏ ముక్కకు కాపీలు తీసే పద్ధతి, పని చేయకపోతే టెన్షన్ పడకండి, నాచులోని జిగురు అడ్డుపడి ఉండొచ్చు, డీఎన్ఏని పది రెట్లు పలుచన చేసి మళ్లీ పెట్టండి.

ఏ జన్యువు? నేనైతే ముందు ఆర్‌బీసీఎల్ అంటాను. హరితరేణువులో ఉండే ఈ జన్యువు పొడవు 1,400 బేసులు దాటుతుంది, పోల్చుకోవడానికి సీక్వెన్సులు కూడా ఎక్కువ దొరుకుతాయి. దగ్గరి జాతులను విడదీయడానికి మైటోకాండ్రియాలోని సీఓఐ, సుమారు 660 బేసుల ముక్క, తోడు పెట్టుకోండి. కొన్ని గుంపుల్లో సీఓఐ ముక్క పీసీఆర్‌లో అంత తేలిగ్గా రాదు.

తర్వాత మీ సీక్వెన్స్‌ను జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్సుల డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చి చూస్తారు (బ్లాస్ట్ చేస్తారు) కదా, మొదట కనిపించిన పేరే ఖాయం చేసుకోకండి. అక్కడ తప్పు పేర్లతో ఉన్నవీ ఉన్నాయి, టైప్ నమూనా (ఆ జాతి పేరుకు ఆధారంగా ఉంచిన నమూనా) నుంచి వచ్చిన సీక్వెన్స్ ఉంటే దాన్నే నమ్మండి. వంశవృక్షం గీసి, ఒక్కో కొమ్మను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే బూట్‌స్ట్రాప్ విలువలు చూసి, తేడా శాతాన్ని ఆ ప్రజాతిలోని మిగతా జాతులతోనే పోల్చండి. అన్నిటికీ పనికొచ్చే ఒకే శాతం లేదు.

డీఎన్ఏ రెండు వైపులా పని చేస్తుంది, ఒక్కోసారి విడదీస్తుంది, ఒక్కోసారి కలిపేస్తుంది. 2009లో బ్యాట్రకోస్పర్మమ్ నుంచి కుమనోవా అనే ప్రజాతిని వేరు చేశారు, మెలితిరిగిన కార్పోగోనియల్ శాఖ (ఆడ అవయవమైన కార్పోగోనియం ఉండే శాఖ) కూడా ఆ విభజనతో సరిపోయింది. కాంప్సోపోగాన్ అనే మరో ఎర్ర నాచులో అందుకు పూర్తిగా వ్యతిరేకం: ఆకారాన్ని బట్టి ఎన్నో జాతులుగా రాసుకున్నవి, ప్రపంచం నలుమూలల నమూనాలతో 2013లో చూస్తే ఒకే జాతిగా తేలాయి. అందుకే వృక్షంలో కొత్త కొమ్మ కనిపించగానే కొత్త జాతి అని రాసేయకుండా, దాచిన మూడో భాగం తీసి కార్పోగోనియం ఆకారం, కార్పోస్పోరోఫైట్ (ఫలదీకరణ తర్వాత బీజాణువులు తయారయ్యే భాగం) ఉన్న చోటు చూడండి. సీక్వెన్స్ జమ చేసేటప్పుడు హెర్బేరియం షీట్ నంబరు తప్పకుండా జతచేయండి.