కోత తినే కొలత (డిజిటల్ ఫ్యాబ్రికేషన్ స్వయంబోధిని: 3వ పాఠం)

గత పాఠంలో గీసిన పెట్టె ఫైలును ఒక్క గీత కూడా మార్చకుండా ఒకసారి లేజర్ యంత్రంలో కోయించి చూడండి. 3 మి.మీ. ప్లైవుడ్ కాబట్టి 3 మి.మీ. వెడల్పు గాడులు ఇచ్చాం. పలకలు గాడుల్లోకి సులువుగానే దిగుతాయి. దిగి, అటూ ఇటూ ఊగుతాయి. పెట్టెను ఎత్తబోతే రెండు పలకలు చేతిలోకి వస్తాయి, మిగతావి బల్ల మీదే ఉండిపోతాయి. చాలామంది విద్యార్థులు ఇక్కడే జిగురు సీసా వెతుక్కుంటారు. ఈ పాఠంలో జిగురుతో పని లేదు.

ఊగడానికి కారణాలు రెండు. దుకాణంలో 3 మి.మీ. అని అమ్మిన పలక కచ్చితంగా 3 మి.మీ. ఉండటం అరుదు. దానికి తోడు లేజర్ తాను నడిచిన దారి పొడవునా కొంత చెక్కను కాల్చి ఆవిరి చేసేస్తుంది. కంప్యూటర్‌లో గీసిన గీతకు వెడల్పు లేదు, కోతకు ఉంది. కోత తినేసే ఆ సన్నటి పట్టీ వెడల్పునే కెర్ఫ్ అంటారు. రంపం పట్టే వడ్రంగి దీన్ని ఎప్పుడూ లెక్కలో పెట్టుకుంటాడు. మన పలక 2.86 మి.మీ. ఉండి, కోత 0.2 మి.మీ. తినేసిందనుకోండి. 3 అని గీసిన గాడి 3.2 అవుతుంది. అందులో 2.86 పలక కూర్చుంటే 0.34 మి.మీ. సందు మిగులుతుంది. పెట్టెను ఊపేస్తున్నది ఆ సందే.

పలక మందం

స్కేలుతో కుదరదు, వెర్నియర్ కాలిపర్స్ కావాలి. పలక నాలుగు మూలల్లో, నాలుగు అంచుల మధ్యలో కొలిచి ఎనిమిది అంకెలూ రాసుకోండి. దవడలు పలకకు చదునుగా ఆనాలి. ఏటవాలుగా పట్టుకుంటే కొలత ఎక్కువ చూపిస్తుంది, గట్టిగా నొక్కితే పై పొర అణిగి తక్కువ చూపిస్తుంది. ఎనిమిదింటిలో పెద్ద అంకెకూ చిన్న అంకెకూ తేడా 0.1 లోపు ఉంటే సగటు తీసుకోండి. అంతకు మించితే ఆ పలకను గాడుల పనికి వాడకుండా మూతలకో అడుగు భాగాలకో పక్కన పెట్టండి.

కొలత కోసే రోజునే తీయాలి. ప్లైవుడ్ తేమ పీల్చుకుంటే మందమెక్కుతుంది. ఏప్రిల్‌లో రాసుకున్న అంకెలు ఆగస్టులో, అందులోనూ కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో, చెల్లకపోవచ్చు.

దుకాణదారు చెప్పిన మందాన్ని నమ్మితే ఏమవుతుందో కాంటూర్ మోడల్ చేసినవారికి తెలుస్తుంది. కొండవాలును 40 పొరలుగా కోసి ఒకదానిపై ఒకటి పేరుస్తారు. లెక్క ప్రకారం 120 మి.మీ. ఎత్తు రావాలి. పలక 2.86 అయితే వచ్చేది 114.4. తగ్గింది 5.6 మి.మీ. మోడల్ 1:200 స్కేలులో ఉంటే, నేల మీద అది 1.12 మీటర్ల తేడా. పక్కనే 3డీ ప్రింటర్‌లో సరైన ఎత్తుకు చేసిన భవనాన్ని పెడితే గుమ్మం గాలిలో తేలుతుంది. మోడల్‌ను అంచనా వేసే జ్యూరీ ముందు మాటలతో సర్దిచెప్పుకోలేని తేడా అది.

కోత వెడల్పు

సాధారణంగా కళాశాలల్లో ఉండేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాని కిరణం 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతి, కంటికి కనిపించదు. కటకం దాన్ని ఒక బిందువు దగ్గరికి కుదించి, ఆ తర్వాత మళ్లీ విచ్చుకోనిస్తుంది. నిలువుగా చూస్తే డమరుకం ఆకారం. అందుకే కోత గోడలు పూర్తిగా నిటారుగా ఉండవు. పలక పైముఖం దగ్గరా అడుగు దగ్గరా కోత వెడల్పు కొద్దిగా తేడాగా ఉంటుంది. ఫోకస్ తప్పితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. వేగం తగ్గించినా, పవర్ పెంచినా కోత వెడల్పవుతుంది. అంటే కెర్ఫ్ యంత్రానికి శాశ్వతంగా ఉండే గుణం కాదు. ఈ యంత్రం, ఈ కటకం, ఈ పలక, ఈ వేగం కలిస్తే వచ్చే అంకె. పక్క కళాశాలవారి అంకె మీకు పనికిరాదు.

ఒక్క కోతను కొలవడం కష్టం కాబట్టి పది ముక్కలు కోసి కొలుద్దాం. 100 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు గల దీర్ఘచతురస్రం గీయండి. లోపల 9 అడ్డగీతలు గీసి, దాన్ని 10 మి.మీ. చొప్పున పది ముక్కలు చేయండి. ముందు లోపలి గీతలు, తర్వాత బయటి చట్రం కోయించండి. బయటిది ముందు కోస్తే ముక్క ఊడి కదిలిపోతుంది, ఆ తర్వాతి కోతలన్నీ పక్కకు పోతాయి. ఈ వరుస అన్ని పనులకూ వర్తిస్తుంది.

కోసిన పది ముక్కలనూ పలకలో ఏర్పడిన రంధ్రంలోనే ఉంచి, వేలితో ఒక పక్కకు నెట్టండి. రెండో పక్క సందు తెరుచుకుంటుంది. దాన్ని కాలిపర్స్ లోపలి దవడలతో కొలవండి. 2.2 మి.మీ. వచ్చిందనుకుందాం. దాన్ని 11తో భాగిస్తే 0.2. పదితో కాకుండా పదకొండుతో ఎందుకంటే, మధ్యలో 9 కోతలు, రెండు చివర్లా మరో 2 కోతలు ఉన్నాయి. సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. పది ముక్కలనూ బయటికి తీసి, వరుసగా ఆనించి పొడవు కొలవండి. 98 మి.మీ. రావాలి, ఎందుకంటే ప్రతి ముక్కా రెండు పక్కలా సగం సగం కోత కోల్పోయి 9.8 అయింది. రెండు లెక్కలూ కలవకపోతే ముక్కల అంచున మసి పేరుకుందేమో చూసి, తుడిచి మళ్లీ కొలవండి.

గాడి ఎంత గీయాలి

ఇప్పుడు లెక్క ఒక్క వాక్యం: పలక మందంలోంచి కోత వెడల్పునూ, మీకు కావలసిన బిగువునూ (ముక్క ఊగకుండా గాడిని పలక కన్నా ఇరుకు చేసే కొలత) తీసేయండి. ప్లైవుడ్‌కు బిగువు 0.05 నుంచి మొదలుపెట్టండి. 2.86 లోంచి 0.2, 0.05 తీసేస్తే 2.61 మి.మీ. గాడి గీయాలి. గత పాఠంలో 3 అని గీశాం!

లెక్కను గుడ్డిగా నమ్మకుండా, పెద్ద పలకను పాడుచేసుకోకుండా, ముందు ఒక దువ్వెన కోయండి. అరచేతి పొడవున్న పట్టీకి ఒక అంచున 11 గాడులు, 2.40 నుంచి 2.90 వరకు 0.05 చొప్పున పెంచుకుంటూ గీయండి. ప్రతి గాడి కిందా దాని అంకె చెక్కించండి. అదే పలకలోంచి ఇంకో ముక్క తీసుకుని వరుసగా దూర్చి చూడండి. సరైన గాడి మూడు పరీక్షలు నెగ్గాలి. బొటనవేలి ఒత్తిడితో ముక్క అడుగుదాకా దిగాలి, సుత్తి అవసరపడకూడదు. దువ్వెనను తలకిందులు చేసి విదిలించినా ముక్క రాలకూడదు. తీసి మళ్లీ పెట్టినప్పుడు పై పొర చిట్లకూడదు. లెక్క సరిగా ఉంటే మీ సమాధానం 2.60 దగ్గరో 2.65 దగ్గరో దొరుకుతుంది. ఇక్కడ నా పక్షపాతం చెప్పేస్తాను: లెక్కకూ దువ్వెనకూ తగాదా వస్తే నేను దువ్వెన మాటే వింటాను. గాడి మూతి దగ్గర రెండు పక్కలా అర మిల్లీమీటరు ఏటవాలు ఇస్తే ముక్క దారి తప్పకుండా దిగుతుంది.

గెలిచిన అంకెను ఫైలులో నేరుగా టైపు చేయకండి. ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే స్ప్రెడ్‌షీట్ తెరిచి మందం, కోత, బిగువు అని మూడు గడులు పెట్టి, గాడి వెడల్పును వాటినుంచి వచ్చేలా కట్టండి. రైనో సాఫ్ట్‌వేర్ వాడేవారికి దానిలోని గ్రాస్‌హాపర్‌లో మూడు స్లైడర్లు చాలు. రేపు పలక మారితే ఒక్క గడి మారుతుంది, రెండు వందల గాడులు వాటంతటవే సర్దుకుంటాయి. ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో మొదలుపెట్టిన తయారీ కోర్సు, దాని దారిలో వచ్చిన ఫ్యాబ్ అకాడమీ కూడా తొలి వారాల్లోనే విద్యార్థులచేత చేయించేది ఇదే పని: కెర్ఫ్‌ను లెక్కలోకి తీసుకుని, జిగురు లేకుండా అమరే ముక్కలను పారామెట్రిక్‌గా (ఒక అంకె మారిస్తే మిగతావి వాటంతటవే మారేలా) గీసి, అట్టలో కోయడం. ఆ కోర్సు నుంచి పుట్టిన ఫ్యాబ్ ల్యాబ్‌లలో (ఇలాంటి యంత్రాలున్న తయారీ కేంద్రాలు) అమెరికా బయట వచ్చిన తొలివాటిలో ఒకటి మన పొరుగునే, మహారాష్ట్రలోని పాబళ్ గ్రామంలో, విజ్ఞాన్ ఆశ్రమంలో 2002లో వెలసింది.

ఒక హెచ్చరిక. కొన్ని యంత్రాల సాఫ్ట్‌వేర్‌లో కూడా కెర్ఫ్ సవరణ ఉంటుంది. సవరణ ఫైలులోనైనా చేయండి, యంత్రంలోనైనా చేయండి. రెండు చోట్లా చేస్తే గాడులు మరీ ఇరుకై ముక్కలు దిగవు.

ప్లైవుడ్ కాకపోతే

యాక్రిలిక్ అణగదు. దానికి బిగువు సున్నా పెట్టండి, లేకపోతే గాడి లోపలి మూల నుంచి పగులు మొదలవుతుంది. ముడతల అట్ట బాగా అణుగుతుంది, 0.2 పైన బిగువు ఇచ్చినా తట్టుకుంటుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) ప్లైవుడ్ కన్నా సమంగా ఉంటుంది కానీ, తడి తగిలితే ఉబ్బి మళ్లీ పూర్వస్థితికి రాదు.

మోడళ్లకు అందరూ వాడే తెల్లటి సన్‌బోర్డును మాత్రం లేజర్ దగ్గరికి తీసుకుపోకండి. ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పీవీసీ నురగ పలకలే. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు హాని, యంత్రంలోని లోహ భాగాలకు తుప్పు. అనుమానం ఉంటే గాలి ఆడే చోట ఒక రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, పలకకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే. దాన్ని కట్టర్ బ్లేడుతో కోసుకోండి. ఏ పలకైనా సరే, యంత్రం నడుస్తున్నంతసేపు దాన్ని విడిచి టీకి వెళ్లకూడదు. చెక్క అంటుకోవడానికి క్షణం చాలు.

కోత ఎక్కడ లెక్కకు వస్తుంది, ఎక్కడ రాదు

ఇది అర్థమైతే సగం తలనొప్పి పోతుంది. 50 మి.మీ. ఎడంగా గాడులున్న పొడవాటి పలకను ఊహించుకోండి. కోత ప్రతి గాడికీ రెండు పక్కలా సమంగా తింటుంది, కాబట్టి గాడి వెడల్పు మారుతుంది తప్ప దాని మధ్యగీత కదలదు. ఇరవై గాడులున్నా ఎడం 50గానే ఉంటుంది. అడ్డం, నిలువు పలకలు కలిసే గళ్ల కట్టడాలు పెద్దవైనా గురి తప్పకుండా అమరేది ఇందుకే. తేడా పోగయ్యేది ముక్కలను పక్కపక్కన ఆనించినప్పుడూ, ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడూ.

పలకలు లంబంగా కాకుండా కోణంలో కలిస్తే గాడి పెంచాలి. గాడి గోడలు పలకకు నిటారుగా ఉంటాయి, దూరే పలక మాత్రం ఏటవాలుగా వస్తుంది కదా. మందాన్ని కోణపు సైన్‌తో భాగించి, మందాన్నే టాన్‌తో భాగించగా వచ్చినదాన్ని కలపండి. 60 డిగ్రీల వద్ద 2.86 పలకకు 3.30, 1.65 కలిపి 4.95 మి.మీ. సందు కావాలి; గీసేటప్పుడు అందులోంచి కోతను తీసేయండి. అలాంటి గాడిలో పలక రెండు అంచుల మీదే ఆనుతుంది, గోడ మొత్తానికి కాదు. అందుకే వంపు తిరిగిన గళ్ల కట్టడాలు కాస్త వదులుగా ఉంటాయి. వీలైనంతవరకు లంబకోణంలో కలిసేలా డిజైన్ చేసుకోవడమే తెలివైన పని.

ఇదే లెక్కతో ఇల్లు కూడా కట్టారు. అలస్టేర్ పార్విన్, సహచరులు 2011లో లండన్‌లో మొదలుపెట్టిన వికీహౌస్ అనే ప్రాజెక్టులో ఇంటి చట్రమంతా సీఎన్‌సీ రౌటర్‌తో (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) కోసిన 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలే. అక్కడ లేజర్‌కు బదులు తిరిగే బిట్టు ఉంటుంది. 6 మి.మీ. బిట్టు లోపలి మూలను చదరంగా కోయలేదు, 3 మి.మీ. వ్యాసార్ధపు వంపు వదిలేస్తుంది. చదరపు మూలున్న ముక్క ఆ వంపుకు తగిలి ఆగిపోతుంది. కాబట్టి గాడి మూలల్లో బిట్టు కాస్త లోపలికి వెళ్లివచ్చేలా చిన్న గుండ్రటి బొడిపె గీస్తారు. బిట్టు వ్యాసాన్ని సాఫ్ట్‌వేరే సర్దుతుంది కానీ, పెద్ద పలకల్లో ఒరిపిడి ఎక్కువ. అక్కడ బిగువుకు బదులు కొద్దిపాటి సందు ఇచ్చి, కొయ్య సుత్తితో కొట్టి దింపుతారు.

ఈ పాఠం అభ్యాసం

దువ్వెన కోసి, గెలిచిన గాడి అంకెతో 50 మి.మీ. చదరపు ముక్కలు పన్నెండు తయారుచేయండి. ప్రతి భుజం మధ్యలో 12 మి.మీ. లోతు గాడి ఉండాలి. జిగురు లేకుండా వాటితో ఒక అడుగు ఎత్తు నిలబడే కట్టడం కట్టండి. హైదరాబాద్‌వారు 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ అనే తయారీ కేంద్రం వంటి చోట యంత్రం గురించి విచారించవచ్చు. లేజర్ దొరకనివారు ముడతల అట్ట, కట్టర్ బ్లేడుతో చేయండి. బ్లేడు పదార్థాన్ని తినదు, కాబట్టి కోత సున్నా, లెక్కలో మందం, బిగువు మాత్రమే మిగులుతాయి.

దువ్వెన వెనక తేదీ, పలక రకం, యంత్రం వేగం, పవర్ రాసి దాచండి. వచ్చే పాఠంలో ప్లైవుడ్‌కు వరుస కోతలు పెట్టి వంచబోతున్నాం. దానికోసం 300 × 200 మి.మీ. ముక్క ఒకటి కోయకుండా ఉంచి, పై పొర పీచు ఏ దిశలో నడుస్తోందో పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోండి.