పుస్తకంలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఊళ్లో లేదు: డిస్కంల ఆస్తుల లెక్కల్లో సమస్యలు - పరిష్కారాలు

విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఆస్తులు తాళం వేసిన గదిలో ఉండవు. పొలం గట్ల మీద, వీధి మలుపుల్లో, చెరువు కట్టల పక్కన స్తంభాలుగా, తీగలుగా, ట్రాన్స్‌ఫార్మర్లుగా పరుచుకుని ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పంట ఎండకూడదు కాబట్టి ఆ ప్రాంతపు సెక్షన్ ఆఫీసు సిబ్బంది ముందు ఇంకోటి తెచ్చి బిగిస్తారు. చేయాల్సిన పని అదే. కానీ దాని కాగితం వెనకబడిపోతుంది, ఒక్కోసారి అసలు కదలదు. ఆస్తుల రిజిస్టరు పాడయ్యేది లెక్కలు ముగించే మార్చి 31న కాదు, ఇలాంటి రోజుల్లోనే.

దీన్ని అకౌంట్స్ వాళ్ల సొంత టెన్షన్‌గా చూడకూడదు. తరుగుదల (ఆస్తి విలువలో ఏటా ఖర్చుగా రాసే భాగం), పెట్టుబడి మీద రాబడి ఈ పుస్తకాల అంకెల నుంచే విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు వెళ్తాయి, అక్కడి నుంచి చార్జీల్లోకి వస్తాయి. లేని ఆస్తికి జనం డబ్బు కట్టడం అన్యాయం. అందుకే కింద చెప్పే ప్రతి సమస్యలోనూ ముందు మూలం వెతకండి, ఆ తర్వాతే ఎంట్రీ వేయండి. తేడాని సస్పెన్స్ ఖాతాలోకి (తేలని మొత్తాలు తాత్కాలికంగా ఉంచే ఖాతా) నెడితే ఆ ఏడాది ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాల మొత్తాల పట్టిక, కుదురుతుంది గానీ, మూలం వెతికే దారి మూసుకుపోతుంది.

రిజిస్టరులో ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువ, లైన్ల మీద తక్కువ

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అన్నిటికంటే ఎక్కువ డబ్బు చిక్కుకునేది ఇదే. పుస్తకం ప్రకారం డివిజన్లో ఉండాల్సిన వాటికీ, ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైన్లు) వెంట తిరిగి లెక్కపెట్టిన వాటికీ వందల్లో తేడా వస్తుంది. చాలామంది మొదట దొంగతనమే అనుకుంటారు. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే ముఠాలు ఉన్న మాట నిజమే. కానీ తేడా మొత్తాన్ని వాళ్ల ఖాతాలో వేసే ముందు మూడు చోట్ల చూడండి.

ఒకటి, మార్పిడి. కాలిపోయినది రిపేర్ షెడ్డుకి వెళ్లింది, దాని స్థానంలో రోలింగ్ స్టాక్ (మార్పిడి కోసం సిద్ధంగా ఉంచేవి) నుంచి మరొకటి వచ్చింది. ఇది కొత్త ఆస్తి కాదు, చోటు మారిన ఆస్తి. కానీ స్టోర్స్ నుంచి తీసిన ప్రతి సరుకూ ఏదో ఒక వర్క్ ఆర్డర్ మీద పడాలి కాబట్టి అది కేపిటల్ పని (కొత్త ఆస్తి చేర్చే పని) మీద పడిపోతుంది. అప్పుడు పాతది పుస్తకంలోంచి పోదు, వచ్చినది కొత్తదిగా చేరుతుంది. ఒకే దిమ్మె మీద పుస్తకంలో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు నిలబడతాయి.

రెండు, సామర్థ్యం పెంపు. 63 కేవీఏ సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసి 100 కేవీఏది పెట్టారు. ఇది నిజంగా కేపిటల్ ఖర్చే. అయితే తీసిన 63 ఏమైంది? అది స్టోర్‌కి తిరిగి వచ్చి ఇంకో ఊరికి వెళ్లి ఉండొచ్చు. డివాల్యూషన్ కాగితం (తీసినదాన్ని స్టోర్‌కి తిరిగి ఇచ్చినట్టు రాసేది) లేకపోతే అది పాత ఊరి లెక్కలోనూ ఉంటుంది, కొత్త ఊరి లెక్కలోనూ ఉంటుంది.

మూడు, మరమ్మతు ఖర్చు. వైండింగ్ మార్చి, ఆయిల్ నింపి తిరిగి పంపిన ట్రాన్స్‌ఫార్మర్‌కి అయిన ఖర్చు మామూలుగా రెవెన్యూ ఖర్చు, అంటే ఆ ఏడాది ఖర్చు. దాన్ని ఆస్తి విలువకు కలిపేస్తే సంఖ్య పెరగదు గానీ విలువ ఉబ్బుతుంది.

సరిదిద్దే పని సీరియల్ నంబర్‌తో మొదలవ్వాలి. నేమ్ ప్లేట్ మీది తయారీదారు సీరియల్ నంబరే ఆ యంత్రానికి గుర్తింపు, దిమ్మెకి ఇచ్చిన స్ట్రక్చర్ కోడ్ చోటుకి గుర్తింపు. ఈ రెండిటినీ రిజిస్టరులో వేర్వేరు గడుల్లో రాయండి. ఇంతవరకు చాలా రిజిస్టర్లు వీటిని కలిపేసి రాయడమే సగం గందరగోళానికి కారణం. యంత్రం కదిలినప్పుడు చోటు గడి మాత్రమే మారాలి. విలువ, చేరిన తేదీ, అప్పటిదాకా పేరుకున్న తరుగుదల యంత్రం వెంటే వెళ్లాలి.

తర్వాత రిపేర్ షెడ్డు రిజిస్టరు తెప్పించండి. షెడ్డుకి ఏ నంబరు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అన్నది అక్కడ ఉంటుంది. దాన్ని ఆస్తుల రిజిస్టరు పక్కన పెట్టి చూస్తే తేడాలో ఎంతో భాగం తేలిపోతుంది. నిజంగా మాయమైనవి అప్పుడు విడిగా బయటపడతాయి. వాటికి పోలీసు ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ కాపీ, నష్టం రైటాఫ్ చేయడానికి (పుస్తకంలోంచి కొట్టేయడానికి) అధికారం ఉన్నవారి మంజూరు, ఇవన్నీ ఒకే ఫైల్లో ఉండాలి.

పుస్తకంలోంచి తీసేయాల్సిన పాత ట్రాన్స్‌ఫార్మర్ విలువ దొరకకపోతే? ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ బోర్డు 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయి, 2000లో నాలుగు పంపిణీ సంస్థలు విడిగా ఏర్పడ్డాయి. 2014 విభజనతో అనంతపురం, కర్నూలు జిల్లాలు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ సంస్థలో చేరాయి. ఇన్నిసార్లు చేతులు మారినప్పుడు పాత ఆస్తులు ఒక్కొక్కటిగా కాక గంపగుత్త విలువగా వస్తే, విడి ధర దొరకదు. దీనికి అకౌంటింగ్ ప్రమాణాల్లోనే దారి ఉంది. ఆస్తుల గురించిన భారత అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్-16 ప్రకారం తీసేసిన భాగం పుస్తక విలువ తేల్చడం సాధ్యం కానప్పుడు, కొత్తదాని ధరను ఆధారంగా చేసుకుని పాతది కొన్ననాటి ఖరీదు అంచనా వేయవచ్చు. కొత్త ధరని యథాతథంగా తీసేయకూడదు, కొన్న ఏడాదికి తగ్గట్టు వెనక్కి లెక్కకట్టాలి. ఏ సూచీ వాడారో, ఏ ఏడాది అనుకున్నారో ఒక నోట్‌లో రాసి ఆమోదం తీసుకోండి. ఆడిటర్ అడిగేది ఆ నోట్‌నే.

సబ్‌స్టేషన్ పనిచేస్తోంది, లెక్కల్లో ఇంకా కడుతూనే ఉన్నారు

33/11 కేవీ సబ్‌స్టేషన్ ఛార్జ్ చేసి (కరెంటు ఇచ్చి) ఏళ్లయింది. దాని ఖర్చు మాత్రం సీడబ్ల్యూఐపీలోనే (ఇంకా పూర్తికాని పనుల ఖాతా) కూర్చుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కంప్లీషన్ రిపోర్ట్ రాలేదు. రాకపోవడానికి కాంట్రాక్టర్ తుది బిల్లు మీద తగాదా, మెటీరియల్ లెక్క తేలకపోవడం, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) బదిలీ అయిపోవడం, పని కొలతలు రాసే ఎం-బుక్ కనిపించకపోవడం ఇలా ఎన్నైనా ఉండొచ్చు.

వీటిలో ఏదీ ఆస్తిని పుస్తకంలోకి తీసుకురాకుండా ఆపే కారణం కాదు. ఆస్తి వాడకానికి సిద్ధమైన రోజు నుంచి తరుగుదల మొదలవ్వాలి. తుది బిల్లు చెల్లించిన రోజుతో దానికి సంబంధం లేదు. సిద్ధమైన రోజు ఏదన్నది సబ్‌స్టేషన్ లాగ్ బుక్కు, విద్యుత్ తనిఖీ విభాగం ఇచ్చిన అనుమతి పత్రం చెబుతాయి. ఇంకా చెల్లించాల్సిన బిల్లుల అంచనాని బాధ్యతగా చూపి, అప్పటిదాకా అయిన ఖర్చుతో కలిపి కేపిటలైజ్ చేయండి, అంటే ఆస్తిగా పుస్తకంలో చేర్చండి. తుది బిల్లులో తేడా వస్తే అప్పుడు సర్దుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఛార్జ్ చేసి నాలుగేళ్లైన ఆస్తికి నాలుగేళ్ల తరుగుదల మొత్తం ఈ ఏడాది ఖర్చులో కుమ్మరించడం ఇండ్ ఏఎస్-8 (పాత పొరపాట్లు సరిదిద్దే పద్ధతి చెప్పే ప్రమాణం) ఒప్పుకోదు. మొత్తం గణనీయమైతే అది గత కాలపు పొరపాటు. పోల్చి చూపే ఏడాది అంకెల్ని, తొలి నిల్వల్ని తిరగరాయాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కంపెనీల చట్టం షెడ్యూల్-3 సవరణ ప్రకారం సీడబ్ల్యూఐపీని ఏడాదిలోపు, ఏడాది నుంచి రెండు, రెండు నుంచి మూడు, మూడేళ్లకు మించినవి అని వయసు వారీగా చూపాలి. కాబట్టి పాత పనులు ఇప్పుడు దాక్కోలేవు. మూడేళ్లు దాటిన జాబితాను ప్రతి మూడు నెలలకోసారి డీఈలతో (డివిజనల్ ఇంజనీర్లు) కూర్చుని చూసే అలవాటు ఉన్న చోట ఈ సమస్య నిజంగానే తగ్గుతుంది. ఒక్కో పనికి ఒకటే ప్రశ్న వేయాలి: ఇందులో కరెంటు పారుతోందా, లేదా?

రిజిస్టరు మొత్తం, జనరల్ లెడ్జర్ మొత్తం కలవడం లేదు

రిజిస్టరుని దాటి నేరుగా జనరల్ లెడ్జర్ (సంస్థ ప్రధాన ఖాతా పుస్తకం) ఆస్తి ఖాతాలో పడిన జర్నల్ ఎంట్రీలు వెతకండి. ఏడాది చివరి వారంలో పడినవి ముందు చూడండి. సాఫ్ట్‌వేర్‌లో ఆస్తి ఖాతాలకు చేతితో ఎంట్రీ వేసే వీలు తీసేస్తే ఈ తేడా మళ్లీ రాదు. మొత్తాలు కలిసినా దాగి ఉండే మరో తప్పు ఆస్తి తరగతిది: కేబుల్‌ని ఓవర్‌హెడ్ లైన్ కింద వేస్తే రెండు తరగతులూ తప్పుతాయి, మొత్తం మాత్రం కుదురుతుంది. అందుకే మొత్తంతో సరిపెట్టుకోకుండా తరగతి వారీగా కలపండి.

తరుగుదల లాభాన్ని తినేస్తోంది, గ్రాంట్ మాత్రం కదలడం లేదు

కేంద్ర పథకాల గ్రాంట్లతో, వినియోగదారులు కట్టిన డబ్బుతో వేసిన లైన్లు డిస్కంలలో చాలా ఉంటాయి. ఆ లైన్ తరుగుదల ఏటా ఖర్చులోకి వస్తుంది. దానికి తగ్గట్టుగా గ్రాంట్‌లోంచి కొంత ఆదాయంగా రావాలి. రావడం లేదంటే గ్రాంట్ ఖాతా ఒక ముద్దగా ఉందని, ఏ రూపాయి ఏ ఆస్తికి వెళ్లిందో ముడి లేదని అర్థం. వర్క్ ఆర్డర్ తెరిచినప్పుడే నిధుల మూలం తప్పనిసరి గడిగా పెట్టండి. ఆ ఆస్తికి ఏ రేటుతో తరుగుదల వేస్తే గ్రాంట్‌ని కూడా అదే రేటుతో ఆదాయంలోకి తీసుకోండి.

ఈ ముడి లేకపోతే నష్టం బ్యాలెన్స్ షీట్‌తో ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి, లైన్‌కి రైతు ముందే డబ్బు కట్టాడు. దాన్ని సంస్థ పెట్టుబడిగా చూపి రాబడి, తరుగుదల అడిగితే అదే రైతు, అతని పొరుగువాళ్లు బిల్లులో రెండోసారి కడతారు. అందుకే చార్జీల లెక్కలో వినియోగదారుల వాటాని పెట్టుబడి మొత్తంలోంచి తీసేస్తారు. తీసేయాలంటే ఆ వాటా ఎంతో పుస్తకం చెప్పగలగాలి కదా.

స్క్రాప్ అమ్మారు, డబ్బు వచ్చింది, ఆస్తి పోలేదు

వేలం డబ్బు మొత్తం ఇతర ఆదాయంలో కనిపిస్తుంది. కారణం స్క్రాప్‌ని స్టోర్స్ అమ్ముతుంది, ఆస్తి మాత్రం అకౌంట్స్ పుస్తకంలో ఉంటుంది. మధ్యలో కండెమ్నేషన్ కమిటీ (వస్తువు ఇక పనికిరాదని తేల్చే కమిటీ) నివేదిక స్టోర్స్ ఫైల్లోనే ఆగిపోతుంది. ఉదాహరణకు లక్ష రూపాయల ఆస్తి, 80,000 తరుగుదల అయిపోయింది, 12,000కి అమ్మారు. ఆదాయం 12,000 కాదు, నష్టం 8,000. ఆస్తి ఖాతాలోంచి లక్ష, తరుగుదల ఖాతాలోంచి 80,000 రెండూ పోవాలి. కమిటీ నివేదికలో ఆస్తి నంబర్లు లేకుండా వేలానికి లాట్ కట్టకూడదని నియమం పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ల పాత ఆయిల్‌ని 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అధికారిక అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. పాత కంప్యూటర్లకి ఈ-వ్యర్థాల నిబంధనలు వర్తిస్తాయి.

సబ్‌స్టేషన్ ఉంది, స్థలం కాగితం లేదు

ఊరివాళ్లు ఇచ్చిన స్థలం, పంచాయతీ తీర్మానం ఒక్కటే ఆధారం. లేదా పత్రం పాత బోర్డు పేరు మీదే ఉంది. సంస్థ పేరున పత్రం లేని స్థిరాస్తుల్ని షెడ్యూల్-3 ప్రకారం బయటపెట్టాలి, కారో 2020 (ఆడిటర్ నివేదికలో ఏమేం రాయాలో చెప్పే ఉత్తర్వు) కింద ఆడిటర్ కూడా రాస్తారు. దాచే ప్రయత్నం వద్దు, జాబితా రాయండి. ఒక్కో సబ్‌స్టేషన్‌కి సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి నుంచి వచ్చింది, స్వాధీనం తేదీ, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ప్రభుత్వ భూమి అయితే కేటాయింపు ఉత్తర్వు కోసం తహసీల్దార్‌కి రాయండి, 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో చూడండి. ప్రైవేటు దానం అయితే దాత బతికున్నప్పుడే గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించండి. వారసుల కాలానికి ఆ పని ఎంత కష్టమవుతుందో కోర్టు కేసులు నడిపినవాళ్లకి తెలుసు.

ఆఫీసులో "కంప్యూటర్లు - 40" అని ఒకే వరుస

ఆరు పాడైతే ఏ ఆరో తెలీదు. ఇన్‌వాయిస్ తీసి 40 వరుసలుగా విడగొట్టండి, ధర సమంగా పంచండి, ఒక్కోదానికి నంబరు అంటించండి. కుర్చీలు, బల్లలకి ఇంత శ్రమ అక్కర్లేదు, గది వారీగా రాస్తే చాలు.

ఏటా తనిఖీ జరుగుతోంది, ఏటా అవే తేడాలు

తనిఖీ బృందం రిజిస్టరు పట్టుకుని వెళ్లి టిక్కులు పెడుతోందన్నమాట. అలా వెళ్తే పుస్తకంలో లేనివి ఎప్పటికీ కనబడవు. సగం నమూనాని రిజిస్టరు నుంచి ఎంచి చోటుకి వెళ్లి చూడాలి, మిగతా సగాన్ని చోటులో కనిపించినవాటి నుంచి ఎంచి రిజిస్టరులో వెతకాలి. ఆ సెక్షన్ వాళ్లని అదే సెక్షన్ తనిఖీకి పంపవద్దు. స్తంభాలు, తీగల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం వృథా, ఫీడర్ వారీగా కిలోమీటర్లు సరిచూస్తే చాలు.

తేడాలు తేలాక వాటికి ఎవరు బాధ్యులో, ఏ తేదీలోపు ముగించాలో నివేదికలోనే రాయాలి. ఏఈ బదిలీ అయినప్పుడు చార్జ్ అప్పగింత కాగితంలో ట్రాన్స్‌ఫార్మర్ల సీరియల్ నంబర్ల జాబితా జతచేసి, ఇచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరూ సంతకం పెట్టాలి. తీసుకునేవారికి లెక్క తప్పనిపిస్తే ఆ రోజే అభ్యంతరం రాసే గడి ఆ కాగితంలో ఉండాలి.